భార్యను రప్పించుకునే హక్కు: అమెరికా కుటుంబ వీసాల వందేళ్ల చరిత్ర

1915 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో దిగిన ఒక పెషావర్ కుటుంబం అక్కడి పత్రికలకు వార్త అయింది. వైష్ణోదాస్ బగాయ్ అనే వ్యాపారి తన వెంట భార్య కళను, ముగ్గురు చిన్న కొడుకులను తీసుకొచ్చాడు. ఆమె పెట్టుకున్న ముక్కుపుడక గురించి ఒక పత్రిక ప్రత్యేకంగా రాసింది. అప్పటిదాకా భారతదేశం నుంచి ఆ తీరానికి చేరినవాళ్లు దాదాపు అందరూ ఒంటరి మగవాళ్లే. మన దేశపు ఇల్లాలు ఒకరు భర్త వెంట ఓడ దిగడం అక్కడివాళ్లకు అంత అరుదైన దృశ్యం.

ఇప్పుడు తెలుగు ఊళ్లలో ‘అన్నయ్య స్పాన్సర్ చేశాడు’, ‘అమ్మానాన్నలకు ఫైల్ చేశారు’, ‘డేట్ ఇంకా కరెంట్ కాలేదు’ అనే మాటలు పెళ్లిచూపుల దగ్గరా పొలం గట్ల మీదా వినిపిస్తూనే ఉంటాయి. ఆనాటికీ ఈనాటికీ మధ్య చట్టాలు చాలా మారాయి. ఎవరి కుటుంబాన్ని కుటుంబంగా లెక్కించాలి, వాళ్లు ఎన్నాళ్లకు కలవాలి అన్నది తేల్చే అధికారం మాత్రం ఎప్పుడూ చట్టం చేతిలోనే ఉంది. ఆ అధికారానికి మూల్యం చెల్లించింది ఎక్కువగా ఆడవాళ్లు. ఈ చరిత్రను వాళ్ల వైపు నుంచి చదవాలి.

ఊళ్లో ఉండిపోయిన భార్యలు

1900 తర్వాత పంజాబు రైతులు, మాజీ సైనికులు కొన్ని వేలమంది వాషింగ్టన్, ఒరెగాన్, కాలిఫోర్నియా రాష్ట్రాలకు చేరారు. రంపపు మిల్లుల్లో, రైలు మార్గాల మీద, పండ్ల తోటల్లో పనిచేశారు. నాలుగు డబ్బులు వెనకేసుకుని ఇంటికి పోదామనుకున్నవాళ్లు కొందరు, నిలదొక్కుకున్నాక ఆలుబిడ్డలను తెచ్చుకుందామనుకున్నవాళ్లు కొందరు. 1917 ఫిబ్రవరి 5న అధ్యక్షుడు విల్సన్ వీటోను తోసిరాజని అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ఆ ఆశలను తుంచేసింది. ఆసియా పటం మీద గీత గీసి, ఆ మండలం నుంచి ఎవరూ వలస రాకూడదంది. విద్యార్థులు, వ్యాపారులు, డాక్టర్లు వంటి కొన్ని వర్గాలకు మినహాయింపు ఇచ్చింది. వాళ్లు భార్యాబిడ్డలను వెంట తెచ్చుకోవచ్చు. కూలివాడికీ కౌలు రైతుకూ ఆ వెసులుబాటు లేదు. ఊరికి పోతే మళ్లీ రానివ్వరని భయం. పోకపోతే భార్య ముఖం చూసే దారి లేదు.

జపాన్ వాళ్ల పరిస్థితి కొన్నాళ్లు ఇంతకంటే నయంగా ఉండేది. 1907–08లో రెండు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం కొత్త కూలీల రాకను ఆపింది కానీ, అక్కడున్నవాళ్లు భార్యలను రప్పించుకోవడానికి ఒప్పుకుంది. ఫొటోలు చూసి సంబంధం ఖాయం చేసుకుని, ఊళ్లోనే పెళ్లి తంతు ముగించి, వేలమంది వధువులు ఓడలెక్కారు. 1920లో ఆ దారి కూడా మూసుకుంది. జపాన్ వలసదారుల వెనక బలమైన ప్రభుత్వం నిలబడింది. భారతీయుల తరఫున మాట్లాడడానికి వాళ్లకు సొంత ప్రభుత్వమే లేదు. ఉన్నది బ్రిటిష్ ప్రభుత్వం.

మెక్సికో సరిహద్దులోని ఇంపీరియల్ లోయలో స్థిరపడ్డ పంజాబీలు చాలామంది మెక్సికన్ స్త్రీలను పెళ్లి చేసుకున్నారు. తెల్లవాళ్లకూ ఇతరులకూ మధ్య పెళ్లిళ్లను కాలిఫోర్నియా చట్టం నిషేధించిన రోజులవి. వధూవరుల చర్మం రంగు దగ్గరదగ్గరగా ఉంటే గుమస్తాలు లైసెన్సు రాసిచ్చేవారు. ఆ ఇళ్లలో పిల్లలు స్పానిష్ మాట్లాడుతూ, సింగ్ అనే ఇంటిపేరుతో పెరిగారు. చరిత్రకారిణి కారెన్ లియొనార్డ్ ఇలాంటి కుటుంబాలను వందల సంఖ్యలో గుర్తించి వాళ్ల కథలను పుస్తకంగా వెలువరించింది. ఆ పెళ్లిళ్లు చేసుకున్న మగవాళ్లలో కొందరికి పంజాబులో అప్పటికే భార్యలున్నారు. చట్టం ఒక కుటుంబాన్ని విడదీసింది, ఆ ఎడబాటులోంచి ఇంకో కుటుంబం పుట్టింది. రెండు చోట్లా ఉన్న స్త్రీలను మాత్రం ఎవరూ అడగలేదు.

పౌరుడైనా పరాయివాడే

1923 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థిండ్ కేసులో తీర్పు చెప్పింది. థిండ్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అయినా సామాన్య జనం దృష్టిలో భారతీయుడు తెల్లవాడు కాడు కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడని కోర్టు తేల్చింది. అప్పటికే పౌరసత్వం పొందినవాళ్ల నుంచి కూడా దాన్ని వెనక్కి లాక్కోవడం మొదలైంది. 1921లో పౌరుడైన వైష్ణోదాస్ బగాయ్ వాళ్లలో ఒకడు. ఏ దేశమూ తనది కాకుండా పోయిన ఆయన 1928లో తన కారణాలను లేఖగా రాసిపెట్టి ప్రాణం తీసుకున్నాడు. కళ ముగ్గురు కొడుకులనూ పెంచి పెద్దచేసింది. తర్వాతి కాలంలో కాలిఫోర్నియాకు వచ్చిన భారతీయ కుటుంబాలకు ఆమె ఇల్లు అండగా నిలిచింది. చాలా ఏళ్ల తర్వాత బర్కిలీ నగరం ఒక వీధికి ఆమె పేరు పెట్టింది.

అమెరికన్ స్త్రీలకూ ఆ దెబ్బ తగిలింది. 1922 నాటి కేబుల్ చట్టం ప్రకారం పౌరసత్వానికి అర్హత లేని విదేశీయుణ్ని పెళ్లాడిన అమెరికన్ స్త్రీ తన సొంత పౌరసత్వాన్ని కోల్పోయేది. బెంగాలీ విప్లవకారుడు తారక్‌నాథ్ దాస్‌ను పెళ్లి చేసుకున్న మేరీ దాస్‌కు ఈ కష్టం వచ్చింది. పుట్టిన దేశంలోనే తాను పరాయిదాన్ని అయ్యానని ఆమె పత్రికకెక్కి నిలదీసింది.

1924 చట్టంలో నేటి కుటుంబ వీసాల మూలం కనిపిస్తుంది. అమెరికా పౌరుల భార్యలు, మైనరు పిల్లలు కోటాతో సంబంధం లేకుండా రావచ్చని ఆ చట్టం చెప్పింది. అదే చట్టం, పౌరసత్వానికి అర్హత లేని జాతులవాళ్లు అసలు వలస రాకూడదనీ చెప్పింది. 1925లో చాంగ్ చాన్ కేసులో సుప్రీంకోర్టు రెండో మాటకే పెద్దపీట వేసింది. చైనా సంతతి భర్తలు అమెరికా పౌరులే అయినా, చైనాలో ఉన్న భార్యలను తెచ్చుకునే వీలు లేదంది.

ఈ కాలంలోనే ఒక తెలుగువాడు బోస్టన్ చేరాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన డబ్బుతో 1920ల మొదట్లో హార్వర్డ్‌కు చదువుకోవడానికి వెళ్లాడు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. సుబ్బారావు మళ్లీ స్వదేశం రాలేదు, ఆమె అక్కడికి పోలేదు. దీనికంతటికీ చట్టమొక్కటే కారణమనలేం. పరిశోధనే ఊపిరిగా బతికిన మనిషి ఆయన. కానీ విద్యార్థిగా రానిచ్చి, స్థిరపడే హక్కు ఇవ్వని దేశంలో కుటుంబం పెట్టడం ఎవరికైనా గగనమే. లెడర్లే ప్రయోగశాలలో ప్రపంచానికి మేలు చేసిన మందులెన్నో ఆయన చేతి మీదుగా వచ్చాయి. 1946లో పౌరసత్వానికి తలుపు తెరుచుకున్నా, ఆయన దాన్ని పొందకుండానే 1948 ఆగస్టులో కన్నుమూశాడు. మనం ఆయన ఘనత చెప్పుకునేటప్పుడల్లా శేషగిరమ్మను కూడా తలచుకోవాలి.

యుద్ధం తెచ్చిన మార్పు

రెండో ప్రపంచ యుద్ధంలో విదేశాల్లో పెళ్లాడిన సైనికుల కోసం 1945 డిసెంబరు 28న యుద్ధ వధువుల చట్టం వచ్చింది. ఆసియా స్త్రీలు చాలామందికి అది మొదట వర్తించలేదు. 1947 సవరణతో సైనికుల భార్యల విషయంలో జాతి అడ్డు తొలగింది. అంతకు ముందే, 1946 జులై 2న అధ్యక్షుడు ట్రూమన్ సంతకంతో లూస్–సెల్లర్ చట్టం అమల్లోకి వచ్చింది. ఇండియా లీగ్ నాయకుడు జె.జె.సింగ్ వంటివాళ్లు ఏళ్ల తరబడి తిరిగి సాధించిన చట్టం అది. భారతీయులకు పౌరసత్వం పొందే హక్కు, ఏడాదికి 100 మంది వలస కోటా దక్కాయి.

అంత పెద్ద దేశానికి వంద! అయినా ఆ చట్టం విలువ తక్కువ కాదు. పౌరుడైతే భార్య కోసం అర్జీ పెట్టే హక్కు వస్తుంది. ఇరవై, ముప్ఫై ఏళ్ల ఎడబాటు తర్వాత కొందరు పంజాబీలు స్వగ్రామాలకు వెళ్లి భార్యలను, ఎదిగిన పిల్లలను తీసుకొచ్చారు. నడి వయసు దాటాక దంపతులు మళ్లీ పరిచయం చేసుకోవాల్సిన పరిస్థితి. 1920లో విద్యార్థిగా వచ్చిన దలీప్‌సింగ్ సౌంద్ 1949లో పౌరుడయ్యాడు, 1956లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు.

ఒకరి కోసం రాసిన చట్టం

1965 అక్టోబరు 3న స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం చేశాడు. దేశాలవారీ పాత కోటాలు రద్దయ్యాయి. వాటి స్థానంలో వచ్చిన ప్రాధాన్య క్రమం వెనక ఆసక్తికరమైన కథ ఉంది. నైపుణ్యం ఉన్నవాళ్లకు పెద్దపీట వేయాలని ప్రభుత్వం ప్రతిపాదించింది. ఒహాయోకు చెందిన కాంగ్రెస్ సభ్యుడు మైకేల్ ఫీగన్ ప్రతినిధుల సభలో వలస ఉపసంఘానికి అధ్యక్షుడు. ఆయన పట్టుబట్టి కుటుంబ బంధాన్ని ముందుకు తెచ్చాడు. అప్పటికి అమెరికాలో బంధువులున్నది ఎక్కువగా యూరప్ వాళ్లకే కదా, కుటుంబ వీసాలు పెంచితే దేశ జనాభా రూపం మారదని ఆ పక్షం వాళ్ల అంచనా.

చట్టంలో లెక్క ఇలా తేలింది. పౌరుల భార్య లేక భర్త, మైనరు పిల్లలు, తల్లిదండ్రులకు పరిమితి లేదు. మిగిలిన వీసాల్లో పౌరుల పెళ్లికాని పెద్ద పిల్లలకు 20 శాతం, శాశ్వత నివాసుల జీవిత భాగస్వాములకూ పెళ్లికాని పిల్లలకూ 20 శాతం, పౌరుల పెళ్లయిన పిల్లలకు 10 శాతం, అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ 24 శాతం. మొత్తం 74 శాతం కుటుంబానికే. నిపుణులకు 10, ఇతర కార్మికులకు 10, శరణార్థులకు 6 శాతం మిగిలాయి.

కానీ ఆనాటికి యూరప్ యుద్ధం నుంచి కోలుకుని సుభిక్షంగా ఉంది, అక్కడినుంచి వచ్చేవాళ్లు తగ్గారు. 1965లోనే చట్టమైన మెడికేర్ అనే వృద్ధుల ఆరోగ్య బీమాతో అమెరికాలో డాక్టర్ల కొరత ముదిరింది. ఆ 10 శాతం సందులోంచి మన డాక్టర్లు, ఇంజనీర్లు ప్రవేశించారు. గుంటూరు, విశాఖపట్నం, కర్నూలు, హైదరాబాద్ వైద్య కళాశాలల్లో చదివినవాళ్లు అమెరికా ఆసుపత్రుల్లో రెసిడెన్సీకి చేరారు. అలా 1970లో డెట్రాయిట్ చేరిన ఒక డాక్టరును ఊహించుకుంటే సంగతి తేటపడుతుంది. అయిదేళ్లకు పౌరసత్వం వస్తుంది. వెంటనే తల్లిదండ్రులకు పిటిషన్, ఆ వెనకే తమ్ముడికి, చెల్లెలికి. తమ్ముడితో పాటు మరదలు, పిల్లలు. కొన్నేళ్లకు మరదలు పౌరురాలైతే ఆమె పుట్టింటివాళ్లు. యూరప్ వాళ్ల కోసం అల్లిన నిచ్చెనను మన ఉమ్మడి కుటుంబాలు ఇంత పట్టుదలతో ఎక్కుతాయని ఫీగన్ ఊహించి ఉండడు.

1976లో విదేశీ డాక్టర్ల రాకపై చట్టం బిగిసింది. ఆ తర్వాత భారతీయ వలసలో బంధువుల వాటా పెరిగింది. 1977లో న్యూయార్క్‌లో తెలుగువాళ్లు తొలి మహాసభ జరుపుకునే నాటికి వాళ్లలో పెళ్లాం పిల్లలతో కాపురాలు పెట్టినవాళ్లే ఎక్కువ. 1915 నాటి ఒంటరి మగవాళ్ల వలసకూ దీనికీ పోలికే లేదు.

పెళ్లి నిజమేనని రుజువు చేయాలి

తలుపు తెరుచుకున్నాక ప్రభుత్వానికి కొత్త అనుమానం మొదలైంది: ఈ పెళ్లి కాపురానికా, కార్డుకా? 1986 నవంబరు 10న వచ్చిన వలస వివాహ మోసాల చట్టం, పెళ్లయి రెండేళ్లు నిండని దంపతులకు శాశ్వత నివాసానికి షరతులతో కూడిన గ్రీన్ కార్డే ఇమ్మంది. రెండేళ్ల గడువు ముగిసే ముందు భార్యాభర్తలిద్దరూ కలిసి దరఖాస్తు పెడితేనే షరతు తొలగుతుంది. కాబోయే భార్య కోసం పిటిషన్ వేసేవాడు అంతకుముందు రెండేళ్లలో ఆమెను ఒక్కసారైనా కలిసి ఉండాలన్న నిబంధన కూడా ఆ చట్టంతోనే వచ్చింది.

మోసాన్ని అరికట్టాలనే ఉద్దేశంలో తప్పు లేదు. కానీ ఆ ఉమ్మడి సంతకం కొందరు భర్తల చేతిలో ఆయుధమైంది. కొట్టినా తిట్టినా సంతకం కోసం పడి ఉండక తప్పని స్థితి ఆడవాళ్లది. 1985లో న్యూజెర్సీలో పుట్టిన ‘మానవి’ వంటి దక్షిణాసియా మహిళా సంస్థలు ఇలాంటివాళ్లకు అండగా నిలిచాయి. 1990లో చట్టం సవరించి, హింసకు గురైన భార్య ఒంటరిగానే షరతు తొలగింపు కోరవచ్చన్నారు. 1994 చట్టం ఇంకో అడుగు వేసింది. పౌరుడి లేక గ్రీన్ కార్డు ఉన్నవాడి భార్య హింసను రుజువు చేయగలిగితే, భర్తకు తెలియకుండా తన పిటిషన్ తానే వేసుకోవచ్చు. మన ఆడపిల్లలకు ఈ వందేళ్లలో దక్కిన హక్కుల్లో అంత విలువైనది మరొకటి లేదు.

1996 చట్టం స్పాన్సర్ చేసేవాడి మీద చట్టబద్ధమైన బాధ్యత పెట్టింది. వచ్చినవాళ్ల ఆదాయం పేదరిక రేఖకు 125 శాతం కంటే తగ్గకుండా చూస్తానని అతడు రాసివ్వాలి. వచ్చినవాళ్లు పౌరులయ్యేదాకా, లేదంటే దాదాపు పదేళ్ల పనికాలం పూర్తయ్యేదాకా ఆ హామీ నిలుస్తుంది. విడాకులు ఇచ్చినంత మాత్రాన అది రద్దు కాదు.

ఇటువైపు రుజువుల పని మన మున్సిపల్ ఆఫీసుల్లో, రిజిస్ట్రార్ ఆఫీసుల్లో జరిగేది. జనన మరణాల నమోదు చట్టం 1970లో అమల్లోకి రాకముందు పుట్టిన పెద్దవాళ్లకు జనన ధ్రువపత్రం దొరికేది కాదు. ‘రికార్డు లేదు’ అనే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తెచ్చి, పుట్టుక ఎరిగిన బంధువుల చేత అఫిడవిట్ రాయించేవాళ్లు. ఇంటిపేరు ముందో వెనకో, పొట్టి అక్షరమో పూర్తి పేరో, ఒక్కో కాగితంలో ఒక్కో తీరు. పెళ్లంటే శుభలేఖ, ఆల్బమే సాక్ష్యం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వివాహాల నమోదును తప్పనిసరి చేసిన చట్టం 2002లో వచ్చింది. వలస వీసా ఇంటర్వ్యూ కోసం మనవాళ్లు ఎక్కువగా ముంబై పోవాల్సి వస్తోంది.

తేదీల నిరీక్షణ

1990 చట్టం ఇప్పటి క్యూలకు పునాది వేసింది. ఏ దేశానికీ ఏడాదిలో 7 శాతానికి మించి ప్రాధాన్య వీసాలు ఇవ్వకూడదంది. అన్నదమ్ముల కోటాను ప్రపంచమంతటికీ కలిపి 65,000గా పెట్టింది. చిన్న దేశానికీ భారతదేశానికీ ఒకే కొలత. వంతుల తేదీలు ప్రకటించే ఇటీవలి వీసా బులెటిన్లలో అన్నదమ్ముల తరగతిలో భారతీయుల వంతు 2006 ప్రాంతంలోనే ఆగి ఉంది. అంటే దాదాపు రెండు దశాబ్దాల నిరీక్షణ. అర్జీ పెట్టినప్పుడు చంకలో ఉన్న బిడ్డకు వంతు వచ్చేసరికి 21 దాటుతుంది. ‘ఏజ్ అవుట్’ అయి ఆ బిడ్డ ఇక్కడే ఉండిపోతుంది. 2002లో వచ్చిన బాలల హోదా రక్షణ చట్టం పిటిషన్ పరిశీలనలో గడిచిన కాలాన్ని వయసులోంచి తీసివేస్తుంది గానీ, వంతు కోసం నిలబడ్డ ఏళ్లను లెక్కలోకి తీసుకోదు.

సాఫ్ట్‌వేర్ తరం వచ్చాక ఇంకో చిక్కు ఎదురైంది. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉండగా పెళ్లి చేసుకుంటే భార్య హెచ్-4 ఆశ్రిత వీసా మీద వెళ్తుంది, గ్రీన్ కార్డులోనూ భర్త వెంటే ఉంటుంది. కార్డు చేతికొచ్చాక పెళ్లి చేసుకుంటే ఆమెకు విడిగా పిటిషన్ వేసి క్యూలో నిలబడాలి. 2000 ప్రాంతంలో ఆ క్యూ నాలుగైదేళ్లు ఉండేది. పౌరుడి భార్యకు లేని ఎదురుచూపు గ్రీన్ కార్డు ఉన్నవాడి భార్యకు వచ్చింది. అందుకే ‘కార్డు రాకముందే ముహూర్తం పెట్టించండి’ అనే మాట తెలుగు ఇళ్లలో పుట్టింది. ఆ ఎడబాటును తగ్గించడానికి 2000 డిసెంబరులో కాంగ్రెస్ వి-వీసా తెచ్చింది. అదీ అప్పటికే అర్జీ పెట్టుకున్నవాళ్లకే.

హెచ్-4 మీద వెళ్లిన చదువుకున్న స్త్రీలకు ఉద్యోగం చేసే హక్కు ఉండేది కాదు. భర్తల గ్రీన్ కార్డు ప్రక్రియ నిర్ణీత దశ దాటిన భార్యలకు 2015 మే 26 నుంచి ఆ అనుమతి దక్కింది. అప్పటిదాకా బీటెక్, ఎంసీఏ చదివిన వేలమంది యువతులు పట్టాలు పెట్టెలో పెట్టి ఇంట్లో కూర్చున్నారు. 2010–2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగింది. ఆ అంకె వెనక భర్తల ఉద్యోగాలతో పాటు ఈ భార్యలు వదులుకున్న ఉద్యోగాలూ ఉన్నాయి.

జాతి పేరుతో అడ్డుకున్న రోజులు పోయాయి. కానీ 1990లో పెట్టిన 7 శాతం కొలత నేటికీ మారలేదు. తమ్ముణ్ని రప్పించుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టే హక్కును హక్కు అనడం కష్టం. ఆ కొలత మార్చడం అమెరికా కాంగ్రెస్ పని. మనం చేయగలిగిన పని ఒకటి ఉంది. అమెరికా సంబంధం చూసేటప్పుడు అబ్బాయి జీతం, ఇల్లు, కారు విచారించే పెద్దలు ఇంకొన్ని సంగతులు కూడా అడగాలి. అతడు పౌరుడా, గ్రీన్ కార్డు ఉన్నవాడా, హెచ్-1బి మీద ఉన్నాడా? అమ్మాయికి ఏ వీసా వస్తుంది, ఉద్యోగం చేసుకోవచ్చా, షరతు ఎన్నాళ్లు? ఏదైనా జరగరానిది జరిగితే ఆమె ఒంటరిగా పిటిషన్ వేసుకునే హక్కు ఆ వీసాతో వస్తుందా, రాదా? పెళ్లికి ముందే ఈ విషయాలన్నీ అమ్మాయికి స్వయంగా తెలిసి ఉండాలి. ఆమె పాస్‌పోర్టు, వీసా కాగితాల నకళ్లు పుట్టింట్లోనూ ఒక జత భద్రంగా ఉంచండి.